చిన్నప్పుడు మారిన ఇళ్ళ గురించి రాస్తున్నాము: తోబుట్టువుల జ్ఞాపకాలు కలవనప్పుడు ఏమి చేయాలి?

అల్లిపురం వాసి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి ఈ సంవత్సరం ఎనభై ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భానికి ఏదో ఒక వస్తువు కొని ఇవ్వడం కంటే, పెళ్ళయి విశాఖపట్నం వచ్చిన నాటి నుంచి ఆమె కాపురం చేసిన ఇళ్ళన్నింటి గురించి, ఆ ఇళ్ళలో మేము పెరిగిన తీరు గురించి, మనుమలు చదువుకునేలా ఒక చిన్న పుస్తకం రాసి అచ్చు వేయించాలని మా అక్క, నేను, తమ్ముడు కలిసి అనుకున్నాము.

నాన్నగారు పోర్టులో గుమాస్తాగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశారు. ఆయన ఇప్పుడు లేరు. మాకు తెలిసినంతవరకు మొదటి ఇల్లు కోటవీధి దగ్గర ఒక పెంకుటింటిలో రెండు గదుల వాటా. తరువాతది అల్లిపురంలో, ఇంటివారు మేడ మీద, మేము కింద ఉండే డాబా. ఆ తరువాత సాలిగ్రామపురంలో పోర్టు క్వార్టరు. చివరిది మువ్వలవానిపాలెంలో, అంటే ఇప్పుడు అందరూ ఎం.వి.పి. కాలనీ అనే చోట, నాన్నగారు అప్పు చేసి కట్టించిన సొంత ఇల్లు. అదీ ఇప్పుడు లేదు. 2014లో హుద్‌హుద్ తుఫానుకు బాగా దెబ్బతిన్న తరువాత దానిని బిల్డరుకు ఇచ్చాము. అదే స్థలంలో లేచిన అపార్టుమెంటులో అమ్మ ఉంటున్నారు.

రాయడానికి కూర్చున్న తరువాత కానీ చిక్కు తెలియలేదు. 1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి, మన రేవు ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పుడు వినిపించిన పేలుడు మా ఇంట్లో తరచుగా చెప్పుకునే కథ. ఆ రాత్రి మేము కోటవీధి ఇంట్లోనే ఉన్నామని, గూట్లో పెట్టిన గాజు గ్లాసులు గలగలలాడాయని, అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల అయిన మా అక్క ఖచ్చితంగా చెబుతుంది. అప్పటికే అల్లిపురం వచ్చేశామని నాన్నగారు చెప్పగా విన్నానని తమ్ముడు అంటాడు. వాడికి అప్పుడు ఏడాది. నాకు మూడేళ్ళు కనుక నా సాక్ష్యం చెల్లదు. ఇక అల్లిపురం ఇంటి నుయ్యి విషయంలో మరో తగవు: ఆ నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పని అక్క, కొబ్బరినీళ్ళలా ఉండేవని తమ్ముడు. క్వార్టరు సంగతి చెప్పనే అక్కరలేదు. తమ్ముడు దానిని స్వర్గంగా రాసుకొచ్చాడు. అక్క రాసిన కాగితంలో "గాలి ఆడని రెండు గదులు, చదువుకోవడానికి మూల లేదు" అన్న ఒక్క వాక్యమే ఉన్నది.

నా ప్రశ్నలు రెండు. ఏ ఇంట్లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నామో నిర్ధారించుకోవడానికి, సొంత దస్తావేజులు లేని అద్దె ఇళ్ళ విషయంలో, మార్గమేమిటి? జ్ఞాపకాలు ఢీకొన్నచోట ఎవరి మాట రాయాలి? అందరి మాటలూ కలిపి ఒకే కథగా రాసిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పగలరు.

పాతపట్నం పంతులమ్మ (జవాబు)

మీ ప్రశ్న చదవగానే బదులు రాయాలనిపించింది, ఎందుకంటే నేను పుట్టి పెరిగింది బురుజుపేటలో, ఆ తరువాత ఉద్యోగరీత్యా ఊళ్ళో చాలా ఇళ్ళు మారాను.

ముందు నుయ్యి తగవు తీర్చనివ్వండి. సముద్రానికి దగ్గరగా ఉన్న పేటలలో నుయ్యి ఏడాది పొడవునా ఒకే రుచిలో ఉండదు. వానలు పడ్డ కొన్ని నెలలు పైన మంచినీటి పొర మందంగా ఉంటుంది. చైత్రం వచ్చేసరికి ఆ పొర పలచబడి, అడుగునున్న ఉప్పునీరు బొక్కెనలోకి ఎక్కుతుంది. కాబట్టి మీ అక్కగారూ తమ్ముడుగారూ ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. అయినా ఇంకొక పరీక్ష ఉన్నది. ఆ నూతి నీళ్ళతో పప్పు ఉడికేదా అని మీ అమ్మగారిని అడగండి. ఉప్పు నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు, సబ్బు ఎంత రుద్దినా నురగ కట్టదు. పప్పుకు, కాఫీకి, తాగడానికి వీధి కుళాయి నీళ్ళు, మిగిలిన వాటికి నూతి నీళ్ళు అని వేరు చేసుకున్న ఇల్లైతే మీ అక్కగారిదే పైచేయి. ఆ బిందెలు మోసింది ఎవరో కూడా అడగండి. నీళ్ళ రుచి గురించి మోసినవారి మాట తాగినవారి మాట కంటే నమ్మదగినదని నా అభిప్రాయం.

తేదీలకు ముందు మీరు ఇళ్ళను వేరే రకంగా గుర్తు తెచ్చుకుంటే మంచిది. ఆడవారిని "ఫలానా ఇంట్లో ఏ సంవత్సరంలో ఉన్నారు" అని అడిగితే చెప్పలేరు. "ఏ ఇంట్లో ఏ పొయ్యి" అని అడిగితే పూసగుచ్చినట్లు చెబుతారు. మా అమ్మకు బురుజుపేట ఇల్లు అంటే కట్టెల పొయ్యి, చెంగల్రావుపేట ఇల్లు అంటే రంపంపొట్టు పొయ్యి, ఆ తరువాతిది వత్తుల స్టవ్వు, చివరిది గ్యాసు. ఆ రంపంపొట్టు పొయ్యి నేటి పిల్లలకు తెలియదు కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఇనుప డబ్బా అడుగున పక్కగా ఒక కన్నం ఉంటుంది. డబ్బా మధ్యలో ఒక సీసాను నిలబెట్టి, ఆ కన్నం గుండా ఒక కర్రను సీసా మొదలుకు తగిలేలా దూర్చి, చుట్టూ రంపంపొట్టు పోస్తూ రోకలిబండ లాంటి దానితో బాగా దట్టించాలి. నిండిన తరువాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి, కర్రను పక్కకు లాగితే లోపల ఒక గొట్టం మిగులుతుంది. కింది కన్నంలో కాగితం వెలిగిస్తే ఆ గొట్టం వెంబడి పొట్టు నిదానంగా పూటంతా కాలుతుంది. సీసా లాగేటప్పుడు చెయ్యి వణికితే గొట్టం కూలిపోతుంది, మళ్ళీ మొదటి నుంచీ దట్టించుకోవాలి. అందుకని మా ఇంట్లో ఆ పని నాది. మా అన్నయ్యను దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇంతకూ చెప్పవచ్చేదేమంటే, పొట్టు పొయ్యి అన్నారంటే దగ్గరలో కర్రల మిల్లు ఉన్నదని అర్థం, వత్తుల స్టవ్వు అన్నారంటే రేషను కార్డు మీద కిరోసిను వచ్చేదని అర్థం. అలా ఒక్కొక్క పొయ్యికీ ఒక కాలమూ ఒక పేటా దొరుకుతాయి.

కోటవీధి వాటా గురించి రాసేటప్పుడు ఒక సంగతి మరచిపోకండి. ఆ రోజుల్లో వాటా అంటే ఇప్పటి పోర్షను కాదు. వీధి గుమ్మం అందరిదీ, నడవ అందరిదీ, నుయ్యి అందరిదీ. గదులు మాత్రమే ఎవరివి వారివి. పక్కవాటావారి పెద్దమ్మ తిట్లూ, వారి ఇంటి పోపు వాసనా, వారి అల్లుడి అలకా మనవే. కనక మహాలక్ష్మి అమ్మవారి గుడికి మార్గశిర లక్ష్మివారాలలో వచ్చే చుట్టాలు ఏ వాటాకు వచ్చినా అందరి చాపలూ నడవలోకి వచ్చేవి. మా ఇంటి పెంకులు వానకు కారినప్పుడల్లా మా మామ్మ, "ఆ తల్లికే నెత్తిన కప్పు లేదు, మనకెందుకే" అని గిన్నెలు సర్దేది. ఆ అమ్మవారి విగ్రహం పైన కప్పు లేకుండా ఆరుబయటే ఉంటుందని తెలియని పిల్లల కోసం ఈ మాట చెబుతున్నాను.

లోకోషెడ్డు (జవాబు)

పంతులమ్మగారు పొయ్యిలతో చెప్పారు, నేను కాగితాలతో చెబుతాను. మాది రైల్వే కుటుంబం. మర్రిపాలెం, దొండపర్తి ప్రాంతాలలో క్వార్టర్లలోనూ, మధ్యమధ్య క్వార్టరు దొరకక అద్దె ఇళ్ళలోనూ పెరిగాము.

మీ నాన్నగారి జీతం చీటీలు దాచి ఉంటే మీ పని సగం అయిపోయినట్లే. ఉద్యోగి బయట అద్దెకు ఉన్నంతకాలం జీతంలో ఇంటి అద్దె భత్యం కలుస్తుంది. క్వార్టరులో చేరిన నెల నుంచి ఆ భత్యం ఆగిపోయి, దాని బదులు క్వార్టరు అద్దె కోత మొదలవుతుంది. క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇంటికి వెళ్ళిన నెలలో ఇది తిరగబడుతుంది. కాబట్టి సాలిగ్రామపురంలో ఏ నెలలో చేరారో, ఏ నెలలో ఖాళీ చేశారో చీటీ చూసి చెప్పవచ్చు. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న అప్పు వాయిదాల కోత కూడా అక్కడే కనిపిస్తుంది. కోటవీధి నుంచి అల్లిపురానికి మారిన సంగతి మాత్రం చీటీ చెప్పదు, ఎందుకంటే రెండూ అద్దె ఇళ్ళే. దానికి పిల్లల బడి టి.సి.లు, రేషను కార్డు, జీవిత బీమా రసీదుల మీద చిరునామా చూడండి.

కాగితాలు లేనిచోట ఊరంతటికీ తెలిసిన తేదీలు పనికివస్తాయి. మీరు ఘాజీ రాత్రిని పట్టుకున్నారు, మంచిదే. 1979 జూలైలో స్కైలాబ్ ఎక్కడ పడుతుందోనని అందరూ ఆకాశం చూసిన రోజులు, 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణానికి మధ్యాహ్నం పూట తలుపులు బిడాయించుకుని కూర్చున్న రోజు, ఇవి ఆ వయసు పిల్లలు మరచిపోరు. గ్రహణం రోజు ఏ గది తలుపు వేసుకుని కూర్చున్నారో మీ తమ్ముడుగారిని అడగండి. మా విషయంలో వాల్తేరు స్టేషను పేరు 1987లో విశాఖపట్నంగా మారడం పెద్ద గుర్తు. "వాల్తేరులో దిగి" అని మా తాతగారు రాసిన ఉత్తరాలన్నీ పాత క్వార్టరువి, కొత్త పేరు ఉన్నవన్నీ కొత్త క్వార్టరువి.

క్వార్టరు గురించి మీ అక్కగారు రాసిన ఒక్క వాక్యాన్ని తీసివేయవద్దని నా మనవి. క్వార్టరు మగపిల్లలకు మైదానం, ఆడపిల్లలకు రెండు గదులు. మా చెల్లెలు ఇప్పటికీ ఆ మాటే అంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నేను ఇంకా బయట క్రికెట్ ఆడుతూ ఉండేవాడిని, తను లోపల స్టవ్వు పక్కన లెక్కలు చేసుకుంటూ ఉండేది. ఇద్దరం ఒకే ఇంట్లో పెరిగామని కాగితం చెబుతుంది.

ఇంకొకటి. క్వార్టరు ఖాళీ చేసే రోజును తప్పక రాయండి. సొంత ఇల్లు వదలడం వేరు, క్వార్టరు అప్పగించడం వేరు. మా నాన్నగారి పదవీ విరమణ తరువాత ఒక ఉద్యోగి జాబితా పట్టుకుని వచ్చి, ఎన్ని హోల్డర్లు, ఎన్ని కుళాయిలు, ఎన్ని కిటికీ అద్దాలు అని ఒక్కొక్కటీ సరిచూసుకున్నాడు. నేను క్రికెట్ బంతితో పగలగొట్టిన అద్దాన్ని నాన్నగారు అంతకు వారం ముందే కొలత తీసుకుని పూర్ణా మార్కెట్టు వైపు వెళ్ళి కొనితెచ్చి, మేకులు కొట్టి, లప్పం పెట్టి బిగించారు. కొత్త అద్దం మిగిలిన వాటికంటే తెల్లగా మెరుస్తూ ఉండడంతో అమ్మ దానికి కొంచెం బూడిద రాసింది.

సెక్టారు పిల్ల (జవాబు)

పెద్దలకు నమస్కారం. లోకోషెడ్డుగారు చెప్పిన మార్గం బాగున్నది కానీ, అది నెల జీతం ఉన్న ఇళ్ళకే పనికివస్తుంది. జీతం చీటీ, టి.సి., బీమా రసీదు ఏవీ లేని ఇళ్ళు కూడా ఇదే జిల్లాలో ఉండేవి. మా మామ్మగారి ఇల్లు అటువంటిది.

మాది ఉక్కు కర్మాగారం కోసం భూములు ఇచ్చిన కుటుంబం. ఇందిరాగాంధీ 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిన తరువాత ఒక్కొక్క ఊరూ ఖాళీ అవుతూ వచ్చింది. మా మామ్మ ఇల్లు తాటాకు కప్పు, మట్టి గోడలు, ముందు అరుగు, వెనుక పశువుల శాల. ఆ ఇంటి గురించి మాకు మిగిలిన ఒకే ఒక్క కాగితం పరిహారం లెక్క. దానిలో ఇంటికి ఇంత, తాటిచెట్లకు ఇంత, జీడిమామిడి చెట్లకు ఇంత అని విడివిడిగా ఉన్నది. కళ్ళం లేదు. అరుగు మీద కూర్చుంటే వచ్చే సముద్రపు గాలి ఎలాగూ ఉండదు, అది నేను అడగను. కానీ పెళ్ళిళ్ళు, పంపకాలు, పంచాయితీలు అన్నీ జరిగిన కళ్ళానికి ఒక వరుస కూడా దక్కకపోవడం మా మామ్మకు చివరిదాకా మింగుడుపడలేదు. కాబట్టి కాగితంలో ఉన్నది ఉన్నట్లు రాసుకోవచ్చు కానీ, కాగితంలో లేనిది లేదనుకోకూడదు. ఆ ఇంట్లో ఎన్నేళ్ళు ఉన్నావు మామ్మా అని అడిగితే, "నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ పెరటి తాటిచెట్టు నా నడుము ఎత్తు" అనేది. దానిని ఏ సంవత్సరంగా మార్చాలో మాకెవరికీ తెలియలేదు, అలాగే రాసుకున్నాము.

నిర్వాసితుల కాలనీలో ఇచ్చిన స్థలంలో తాతయ్య ఇల్లు వేశారు. నాన్నకు ఆర్ కార్డు మీద, అంటే నిర్వాసితులకు ఇచ్చిన కార్డు మీద, కర్మాగారంలో ఉద్యోగం వచ్చిన తరువాత మేము ఉక్కునగరం క్వార్టరుకు వచ్చాము. నేను పుట్టి పెరిగింది అక్కడే. 1992 ఆగస్టు 1న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినప్పుడు నేను చిన్న తరగతిలో ఉన్నాను. మా సెక్టారులో ఒక టైపు క్వార్టర్లన్నీ ఒకే పటం ప్రకారం కట్టినవి. వంటగదిలో గట్టు ఎటువైపో, అటక ఎంత ఎత్తులోనో, మెయిన్ స్విచ్ ఏ తలుపు వెనకో అందరి ఇళ్ళలోనూ ఒకటే. కరెంటు పోతే ఏ స్నేహితురాలి ఇంట్లో ఉన్నా నా చెయ్యి తడుముకోకుండా అగ్గిపెట్టె ఉండే గట్టు మూలకు వెళ్ళేది. అటువంటి ఇంటిని వర్ణించమంటే ఏమి వర్ణిస్తాము? మా ఇల్లు పక్క ఇంటి కంటే వేరుగా ఉండడానికి కారణం ఒక్కటే, మామ్మ శనివారాలు కాలనీ నుంచి బస్సులో వచ్చి, బాల్కనీలో తాటాకులు పరుచుకుని బుట్టలు అల్లుతూ కూర్చునేది. పింగాణీ తొట్టిలో మనీప్లాంటు పెంచుకునే మేడమ్‌గారు ఆ బుట్టలలో ఒకటి అడిగి తీసుకున్నారు కూడా.

అందరి మాటలూ కలిపి ఒకే కథగా రాయవద్దని నేను గట్టిగా చెబుతాను. మా ఇంట్లో అలా కలిపి రాయాలని మా బాబాయి ప్రయత్నించారు. చివరికి ఎవరికీ కోపం రాని వాక్యాలు మాత్రమే మిగిలాయి. ఏ ఇల్లు గురించి ఎవరు ఎంత చెబితే అంత, వారి పేరు కిందనే పెట్టండి. మీ అక్కగారి ఒక్క వాక్యం ఒక పేజీలో ఒంటరిగా ఉన్నా పరవాలేదు.

తపాలా తాతయ్య (జవాబు)

ఈ ఊళ్ళో చాలాకాలం ఉత్తరాలు పంచినవాడిని. పాత ఉత్తరాలు ఉంటే వాటి విలువ తెలుసుకోండి. తపాలా ముద్ర మీద తేదీ ఉంటుంది, చిరునామా మీ నాన్నగారు చెప్పినది ఉంటుంది. అటువంటి సాక్ష్యం మరొకటి లేదు. ముద్ర చెరిగిపోయిన కవర్లకు ఇంకొక ఆనవాలు ఉన్నది. పిన్‌కోడు 1972 ఆగస్టు 15 నుంచి వచ్చింది. అంతకు ముందు ఊరి పేరు, మహా అయితే పక్కన చిన్న అంకె. 530001 అని ఉంటే పాతపట్నం పెద్ద పోస్టాఫీసు పరిధి, 530017 అని ఉంటే మీ మువ్వలవానిపాలెం. అయితే పిన్ లేనంత మాత్రాన అది 1972 కంటే ముందుదని తీర్పు ఇవ్వకండి. జనానికి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది, పల్లెల నుంచి వచ్చే ఉత్తరాలలో తరువాత కూడా ఉండేది కాదు. పిన్ ఉంటే మాత్రం తరువాతిదే.

ఇంటి నంబరును కూడా గమనించండి. మన ఊళ్ళో నంబరు మూడు భాగాలుగా ఉంటుంది. మొదటి అంకెను బట్టే పేట తెలుస్తుంది. 47తో మొదలైతే ద్వారకానగర్ అని మాకు కవరు చూడగానే చెయ్యి అటు సంచిలోకి వెళ్ళేది. ముఖ్యంగా "కేరాఫ్" అని ఉన్న ఉత్తరాలను పక్కన పెట్టకండి. ఇల్లు స్థిరపడనివారు కేరాఫ్ రాయించుకుంటారు. వారు తరువాత ఆ ఇంటిని లెక్కలో చెప్పరు.

అల్లిపురం వాసి (మళ్ళీ)

అందరికీ కృతజ్ఞతలు. తపాలా తాతయ్యగారి మాట చదివి, నిన్న అక్కను పిలిచి, నాన్నగారి ఇనుప పెట్టె తెరిచాము. జీతం చీటీలు కట్టలు కట్టి, పైన ఆర్థిక సంవత్సరం రాసి ఉన్నాయి. సాలిగ్రామపురం లెక్క తేలిపోయింది. నూతి నీళ్ళతో పప్పు ఉడికేదా అని అడిగితే అమ్మ నవ్వి, "ఆ నీళ్ళతో పప్పు పెడితే మీ నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా ఉడికేది" అన్నారు. తమ్ముడు ఫోనులో ఒప్పుకోలేదు. వాడి మాట వాడి పేరు కిందనే రాస్తాము.

అయితే మేము ఊహించనిది ఒకటి దొరికింది. మా పెద్దమామయ్య రాసిన ఒక ఇన్‌లాండ్ కవరు మీద 1971 నవంబరు ముద్ర, "కేరాఫ్" అని ఎవరో ఒకరి పేరు, జ్ఞానాపురం చిరునామా. మా నాలుగు ఇళ్ళ వరుసలో జ్ఞానాపురం ఎక్కడా లేదు. అమ్మను అడిగితే చాలాసేపు మాట దాటవేసి, చివరికి ఇలా చెప్పారు. కోటవీధి ఇంటివారు కూతురి పెళ్ళికి వాటా కావాలని ఖాళీ చేయమన్నారట. అల్లిపురం ఇల్లు సంక్రాంతికి కానీ ఖాళీ కాదట. ఆ మధ్య కాలం నాన్నగారి స్నేహితుడి ఇంటి వెనుక, సామాను పెట్టుకునే ఒక షెడ్డులో ఉన్నారు. బడి పోకూడదని అక్కను కోటవీధిలోనే పెద్దమ్మగారి ఇంట్లో ఉంచారు. కాబట్టి ఘాజీ పేలిన రాత్రి అక్క విన్నది కోటవీధిలోనే, గలగలలాడిన గ్లాసులు పెద్దమ్మగారివి. అమ్మ, నాన్నగారు, మేమిద్దరం ఉన్నది కోటవీధీ కాదు, అల్లిపురమూ కాదు. ఆ రోజుల్లో తను మాతో లేదన్న సంగతి అక్కకు ఎలా గుర్తు లేదో ఆమెకే అర్థం కావడం లేదు. పెద్దమ్మగారి ఇల్లు మా వాటాకు నాలుగు గుమ్మాల అవతలే కనుక, తనకు ఇల్లు మారినట్లే అనిపించి ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు. "అది ఇల్లు కాదురా, తల దాచుకున్నాం. దాని గురించి రాయడమెందుకు" అని అమ్మ అంటున్నారు. రాయకపోతే ఘాజీ కథ నిలబడదని అక్క. అమ్మ కోసం రాస్తున్న పుస్తకంలో అమ్మ వద్దన్నది పెట్టకూడదని తమ్ముడు. పంతులమ్మగారూ, మీరేమంటారు?

పాతపట్నం పంతులమ్మ (జవాబు)

మీ అమ్మగారు దాచుకున్నది ఇంటిని కాదు, ఆ కొన్ని నెలల ఇబ్బందిని. కాబట్టి ఇబ్బంది రాయకండి. ఇళ్ళ వరుసలో, కోటవీధికీ అల్లిపురానికీ మధ్య, ఆ కవరు మీది చిరునామా, ముద్ర మీది తేదీ మాత్రం వేయండి. షెడ్డు అని కానీ, ఎందుకు వెళ్ళారని కానీ ఒక్క మాట వద్దు. ఘాజీ కథను అక్కగారి పేరు కింద, పెద్దమ్మగారి ఇంట్లో జరిగినదిగా రాయండి. అది పూర్తిగా నిజమే కనుక ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అచ్చుకు ఇచ్చే ముందు ఆ పేజీని మీ అమ్మగారికి చదివి వినిపించండి. కొట్టేయమంటే కొట్టేయండి, మీ అక్కగారు ఏమన్నా సరే. ఊరుకుంటే ఉంచండి. ఏ పొయ్యి మీద వండారని మాత్రం ఒక్కసారి అడిగి చూడండి, ఆ ప్రశ్నకు ఆమె తప్పకుండా జవాబు చెబుతారు.